ముందు ఫైళ్లు, తరవాతే కంప్యూటర్

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం గోదావరి డెల్టా నుంచే. కారణం వెతుక్కోనక్కర్లేదు. వానలు, గాలిలో చెమ్మ, పోతూ వస్తూ ఉండే కరెంటు, తీరం వైపు ఉప్పుగాలి, అన్నీ కలిసి పాత డెస్క్‌టాప్‌ల పని పట్టేది ఈ నెలల్లోనే. రాసిన వాళ్లలో చాలామందికి అప్పటికే ఎవరో ఒకరు "ఫార్మాట్ కొట్టేద్దామండీ, కొత్తదానిలా పరిగెడుతుంది" అని సలహా ఇచ్చేశారు. పరిగెడుతుంది, కాదనను. మీ లెక్కలూ ఫొటోలూ మాత్రం దాంతోపాటు రావు. అందుకే అడిగిన వరస పక్కన పెట్టి, ఇంకా చెయ్యి దాటిపోని వాటికి ముందు జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మండపేట దగ్గర రైస్ మిల్లులో గుమస్తాగా చేస్తున్నానండి. ఆఫీసు కంప్యూటర్ చాలా ఏళ్లది. ఈమధ్య లెక్కలు రాసే ట్యాలీ ప్రోగ్రాం తెరవాలంటే వెళ్లి టీ తాగి రావాల్సిందే. నిన్న నీలం స్క్రీన్ వచ్చి ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే డిస్కు రిపేరు చేస్తున్నానంటూ శాతం అంకె చూపించి, గంటలు గడిచినా అక్కడే నిలబడింది. లోపల్నించి అప్పుడప్పుడు టిక్కు టిక్కు అని చప్పుడు. విండోస్ మళ్లీ ఎక్కిస్తే సరిపోతుందని మా ఊరి కుర్రాడు అంటున్నాడు. రైతుల బాకీల షీట్లు, ట్యాలీ డేటా అన్నీ అందులోనే ఉన్నాయి. బ్యాకప్ ఉందండి, డి డ్రైవులో వేసుకున్నాం. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఇది చదువుతున్నప్పటికి ఆ కంప్యూటర్ ఇంకా ఆన్‌లో ఉంటే ముందు ఆపేయండి. రిపేరు మధ్యలో ఆపితే ఏమవుతుందోనని భయపడకండి, దాన్ని అలా నడవనివ్వడమే ఎక్కువ ప్రమాదం.

డి డ్రైవు బ్యాకప్ గురించి చెప్పాలంటే, అది బ్యాకప్ కాదండీ. సి, డి అనేవి ఒకే బీరువాలో రెండు అరలు, బీరువా గోదాట్లో పడితే రెండూ కలిసే పడతాయి. మీ కంప్యూటర్ డబ్బాలో రెండు వేరువేరు హార్డ్ డిస్కులు ఉంటే తప్ప (పాత ఆఫీసు సిస్టమ్‌లలో ఇది అరుదు) ఆ కాపీని లెక్కలోకి తీసుకోకండి.

లోపల జరుగుతున్నది ఇదీ. హార్డ్ డిస్కులో పళ్లేలు నిమిషానికి 5400 సార్లో 7200 సార్లో తిరుగుతాయి, వాటి మీద చదివే హెడ్డు ఆనీ ఆనకుండా తేలుతూ ఉంటుంది, ఆ సందు మైక్రాన్‌లో వందో వంతు కూడా ఉండదు. పళ్లెం మీద కొన్ని చోట్లు పాడైతే డిస్కు వాటిని మళ్లీ మళ్లీ చదవడానికి ప్రయత్నిస్తుంది, ట్యాలీ తెరుచుకోవడానికి అంతసేపు పట్టింది అందుకే. విండోస్ మొదలుపెట్టిన రిపేరు మీ ఫైళ్లని కాపాడేది కాదు, డిస్కు మీద ఫైళ్ల పట్టికని సరిచేసేది. బాగున్న డిస్కుకి అది మంచిదే. చావు బతుకుల్లో ఉన్న డిస్కుని మాత్రం మొత్తం చదివిస్తుంది, పైగా దాని మీద రాస్తుంది, చదవడం రాని ముక్కలని పట్టికలోంచి తీసేస్తుంది కూడా. ఇక విండోస్ మళ్లీ ఎక్కించడమంటే అదే డిస్కు మీద 20 జీబీ దాకా కొత్తగా రాయడం, మీ బాకీల షీటు ఉన్న చోటు మీద కూడా రాయొచ్చు. ఆ కుర్రాడి మీద నాకు కోపమేమీ లేదు, అతని పని కంప్యూటర్ని నడిపించడం, అది చేస్తానంటున్నాడు. మీకు కావలసింది అది కాదు.

ఇప్పుడు చప్పుడు సంగతి. ఆన్ చేసిన ప్రతిసారీ ఒకే లయలో టక్కు టక్కుమని కొట్టుకుంటూ, డిస్కు కనిపించకుండా పోతుంటే హెడ్డు పోతున్నట్టే. అప్పుడు ఏ సాఫ్ట్‌వేరూ పనికిరాదు, ఆన్ చేసిన కొద్దీ పళ్లెం గీరుకుపోతుంది. ఒక్క అనుమానం మాత్రం తీర్చుకోవచ్చు: పవర్ సరిగ్గా అందకపోయినా డిస్కు ఇలాగే చప్పుడు చేస్తుంది, కాబట్టి మంచి ఎస్‌ఎంపీఎస్ (లోపల కరెంటు పంచే పెట్టె) ఉన్న వేరే కంప్యూటర్‌కి, వేరే కేబుల్‌తో ఒకసారి పెట్టి చూడండి, అక్కడా అదే చప్పుడైతే వెంటనే తీసేయండి. ఆ తరవాత అది ల్యాబ్ పని. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు లాంటి చోట్ల దుమ్ము లేని గదిలో డిస్కు విప్పి హెడ్డు మార్చే వాళ్లుంటారు, ఖర్చు వేలల్లో ఉంటుంది. పంపే ముందు పరీక్షకి ఎంత తీసుకుంటారు, డేటా రాకపోతే ఎంత తీసుకుంటారు అన్నది అడిగి రాయించుకోండి. మామూలు షాపులో బల్ల మీద స్క్రూలు విప్పి "ఓసారి చూస్తానండి" అనే వాళ్లకి మాత్రం ఇవ్వకండి, ఆ గదిలో ఎగిరే దుమ్ము ఒక్క రేణువు చాలు. నెట్‌లో అదే మోడల్ డిస్కు కొని దాని కింది సర్క్యూట్ బోర్డు మార్చేస్తే సరి అని చెప్పే వీడియోలు కూడా ఉన్నాయి, ఇప్పటి డిస్కులలో అది ఉత్తినే కుదరదు, ఎందుకంటే ఒక్కో డిస్కుకి విడిగా సరిచేసిన వివరాలు ఆ బోర్డు మీది చిప్పులోనే ఉంటాయి.

చప్పుడు ఎప్పుడో ఒకసారి వచ్చి, డిస్కు ఇంకా కనిపిస్తూనే ఉంటే మీ చేతిలో అవకాశం ఉంది. డిస్కు బయటికి తీయించి ఆరోగ్యంగా ఉన్న ఇంకో కంప్యూటర్‌కి తగిలించండి. యూఎస్‌బీ కేబుల్‌తో పెట్టేటట్టయితే, డెస్క్‌టాప్‌లో వాడే పెద్ద డిస్కుకి 12 ఓల్టుల అడాప్టర్ ఉన్న కేబులే కావాలి, ల్యాప్‌టాప్ డిస్కుల కోసం అమ్మే కేబుల్‌తో అది తిరగదు, తిరక్కపోతే డిస్కు పోయిందనుకుంటారు. పెట్టగానే "ఈ డిస్కు వాడాలంటే ఫార్మాట్ చేయాలి" అని విండోస్ అడగొచ్చు. క్యాన్సిల్ నొక్కండి. అది అడిగిందని కంగారుపడి ఓకే కొట్టేసిన వాళ్ల ఉత్తరాలు నాకు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి.

ఫోల్డర్లు తెరుచుకుంటే అన్నిటికన్నా ముందు ట్యాలీ డేటా ఫోల్డర్ కాపీ చేయండి. అందులో మీ కంపెనీ పేరు కనిపించదు, ఐదో ఆరో అంకెల పేరుతో ఫోల్డర్లు ఉంటాయి, వాటిని విడదీయకుండా మొత్తంగా తీసుకోవాలి. తరవాత ఎక్సెల్ షీట్లు. ఈ రెండూ కలిపి చాలా మిల్లుల్లో ఒక పాటల ఫోల్డర్ అంత కూడా ఉండవు. సినిమాలు, పాటలు, ఓనరు గారి మనవడి గేములు చివర్న.

కాపీ మధ్యలో ఆగిపోతుంటే మొండిగా మళ్లీ మళ్లీ కాపీ కొట్టకండి. అక్కడ వాడాల్సింది డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం, సిస్టమ్‌రెస్క్యూ అనే లినక్స్ (విండోస్‌కి బదులు నడిచే ఉచిత సిస్టమ్) పెన్‌డ్రైవులో అది ముందే ఉంటుంది. డిస్కులో తేలిగ్గా వచ్చేదంతా ముందు లాగేసి, మొరాయించే చోట్లని పక్కన పెట్టి, వాటి దగ్గరికి చివర్న వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైల్లో రాసుకుంటూ పోతుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా ఆపిన చోట నుంచి మళ్లీ మొదలెట్టొచ్చు, మన వైపు దీని విలువేమిటో చెప్పక్కర్లేదు. కాపీ పడే కొత్త డిస్కు పాతదానంత సైజో అంతకన్నా పెద్దదో ఉండాలి. ఏది పాతది ఏది కొత్తది అన్నది సైజు, సీరియల్ నంబరు చూసి రెండోసారి సరిచూసుకోండి, అటుదిటు అయితే ఖాళీ డిస్కు వచ్చి మీ లెక్కల మీద పడుతుంది. లినక్స్ అలవాటు లేకపోతే ఆ అలవాటున్న మనిషిని పిలవండి, నేర్చుకోవడానికి ఈ డిస్కు సరైనది కాదు.

తరవాత ఆ కాపీ మీద ఎన్ని ప్రయోగాలైనా చేయండి. ట్యాలీ కంపెనీ తెరుచుకోకపోతే కంట్రోల్, ఆల్ట్, ఆర్ కలిపి నొక్కి రీరైట్ (ట్యాలీ చేతే డేటాని మళ్లీ రాయించడం) చేయొచ్చు, అదీ కాపీ మీదే. పాత డిస్కుని బీరువాలో దాచేయండి, ఆడిట్ అయ్యేదాకా పారేయొద్దు.

కొత్త డిస్కు వచ్చాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే చిన్న ఉచిత ప్రోగ్రాం వేసుకుని, నెలకోసారి తెరిచి చూడండి. డిస్కు తన గురించి తాను రాసుకునే లెక్కల్ని అది చూపిస్తుంది. 05, సి5, సి6 అని ఉన్న మూడు వరసల్లో సున్నా కాకుండా అంకె కనపడి, అది పెరుగుతూ పోతుంటే డిస్కు మార్చే రోజు వచ్చినట్టే. సి7 ఒక్కటే పెరుగుతుంటే కంగారొద్దు, అది సాధారణంగా కేబుల్ గొడవ, డిస్కుని బోర్డుకి కలిపే సాటా కేబుల్ కొత్తది వేస్తే ఆగిపోతుంది.

ప్రశ్న: రిటైరైన తెలుగు మాస్టారిని. అంతర్వేది దగ్గర సొంతిల్లు. నా కంప్యూటర్ ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతుంది, బీప్ బీప్ మంటుంది, తెర మీద ఏమీ రాదు. నేను రాసుకున్న శతకం, ఊరి చరిత్ర వ్యాసాలు అందులో ఉన్నాయి. మదర్‌బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి అన్నారు.

జవాబు: మాస్టారూ, మీ శతకం క్షేమంగానే ఉండి ఉంటుంది. ఇక్కడ మొరాయిస్తున్నది డిస్కు కాదు, అంతవరకు అసలు పని వెళ్లడమే లేదు. సముద్రం పక్కన ఇలా బీప్‌లు వినపడితే నేను ముందు అనుమానించేది ర్యామ్‌ని, అంటే బోర్డు గాడిలో కూర్చునే మెమరీ పలకని. ఉప్పుగాలికి, చెమ్మకి ర్యామ్ కాళ్ల మీద, అది కూర్చునే గాడిలో మాసిపోయిన పొర కడుతుంది, కనెక్షన్ అందదు.

పవర్ వైరు గోడ నుంచి పూర్తిగా తీసేసి, ఆన్ బటన్ని కాసేపు నొక్కి పట్టుకోండి, మిగిలిన కరెంటు పోతుంది. డబ్బా పక్క రేకు తీసి, లోపలి ఇనప చట్రాన్ని ఓసారి చేత్తో తాకి (ఒంటి మీది స్టాటిక్ పోవడానికి), ర్యామ్ రెండు పక్కల క్లిప్పులు వెనక్కి వంచి బయటికి తీయండి. బంగారు రంగులో ఉన్న అంచుని పిల్లలు వాడే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు దులిపేసి, గాడిని పొడి బ్రష్‌తో తుడిచి, క్లిప్పులు టక్కున పడేదాకా నొక్కి పెట్టండి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కోటి విడిగా పెట్టి, గాడి మార్చి చూడండి. చేతికి వణుకుంటే మనవడికి అప్పజెప్పండి, పదో క్లాసు పిల్లాడు చేయగల పనే ఇది.

అప్పటికీ రాకపోతే బీప్‌లు ఎన్ని, పొడుగువా పొట్టివా అన్నది కాగితం మీద రాసి పెట్టుకోండి. బయోస్ (ఆన్ చేయగానే ముందు నడిచే, బోర్డులోని ప్రోగ్రాం) తయారు చేసిన కంపెనీని బట్టి అర్థం మారుతుంది కాబట్టి మీ బోర్డు మాన్యువల్‌తో సరిచూడాలి, నెట్‌లో దొరికిన ఏదో పట్టికతో కాదు. నిజంగానే బోర్డు పోయిందనుకుందాం, అయినా డిస్కు తీసి పక్కింటి కంప్యూటర్‌కి తగిలిస్తే శతకం కనిపిస్తుంది. కొత్తది కొనమన్న వాళ్లు ఆ ముక్క కూడా చెప్పి ఉండాల్సింది.

ఇంకో సంగతి. వాడకుండా వారాల తరబడి మూలన పెట్టిన కంప్యూటరే తీరంలో తొందరగా పాడవుతుంది. రోజూ కాసేపు నడిపితే లోపలి వేడికి చెమ్మ నిలవదు. కిటికీ పక్క నుంచి జరపండి. గుడ్డ కప్పితే ఆపాక చల్లారిన తరవాతే కప్పండి.

ప్రశ్న: ఆన్ బటన్ నొక్కితే ఏ చలనమూ లేదు. లైటు లేదు, ఫ్యాన్ లేదు. ఫీడు దుకాణం, భీమవరం రోడ్డు.

జవాబు: వెనక ఎస్‌ఎంపీఎస్ మీద స్విచ్ ఉంటుంది, తుడిచేటప్పుడు ఆఫ్ అయిపోయిందేమో చూడండి, నవ్వకండి, ఇలాంటివి చాలా ఉంటాయి. అది ఆన్‌లోనే ఉంటే ప్లగ్గు వేరే చోట పెట్టి, యూపీఎస్‌ని మధ్యలోంచి తప్పించి నేరుగా ఇచ్చి చూడండి, యూపీఎస్‌లోని 12 ఓల్టుల బ్యాటరీ రెండు మూడేళ్లకి అయిపోయి మొత్తానికి అదే అడ్డం పడుతూ ఉంటుంది. అక్కడా కాకపోతే ఎస్‌ఎంపీఎస్ పోయినట్టు అనుమానించాలి. మెకానిక్ మల్టీమీటర్‌తో చూస్తే పసుపు వైరులో 11.4 నుంచి 12.6 ఓల్టుల మధ్య, ఎరుపు వైరులో 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. ఆ ఇనప పెట్టెని మాత్రం మీరు విప్పకండి, ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలవుంటుంది. పాతది తీసి కొత్తది పెట్టడమే, ఫైళ్లకి ఏమీ కాదు. డబ్బా వెనకాల రేకులు ఊడి కన్నాలుంటే మూయించండి, మన వైపు ఆ కన్నాల్లోంచి వెచ్చదనానికి బల్లులు దూరతాయి, ఆ తరవాత కథ మీరే ఊహించుకోండి.

ప్రశ్న: నేను పెళ్లిళ్లకి ఫొటోలు తీస్తాను, పాలకొల్లు. కార్డులోంచి కంప్యూటర్‌కి కాపీ పెట్టి భోజనానికి వెళ్లాను, అయిపోయిందనుకుని కార్డు కెమెరాలో ఫార్మాట్ చేసేశాను. తీరా చూస్తే సిస్టమ్ మధ్యలో హ్యాంగ్ అయ్యి సగం కూడా రాలేదు. పైగా ఆ కార్డుతోనే మర్నాడు ఒక చిన్న ఓణీల ఫంక్షన్ తీశాను. అమ్మాయి వాళ్ల నాన్నగారికి ఏం చెప్పాలో తెలీక నిద్ర పట్టడం లేదన్నా.

జవాబు: టెన్షన్ కాసేపు పక్కన పెట్టు తమ్ముడూ. ఆ కార్డు కెమెరాలోంచి తీసి పక్కన పెట్టేయ్, అందులో ఇంకొక్క ఫొటో కూడా పడకూడదు. కెమెరాలో చేసే మామూలు ఫార్మాట్ ఫొటోల పట్టికని మాత్రమే చెరిపేస్తుంది, ఫొటోలు దాదాపుగా అక్కడే ఉంటాయి, వాటి మీద కొత్తవి రాసేదాకా. ఓణీల ఫంక్షన్ ఎంత చోటు తినేసిందో అంత మేరకి పెళ్లి ఫొటోలు పోయినట్టే, అవి ఏ ల్యాబూ తేలేదు. మిగతావి తేవచ్చు.

ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాం దించుకో. అది పట్టికని పట్టించుకోదు, కార్డుని మొదట్నుంచి చివరిదాకా చదువుతూ ఇక్కడ జేపెగ్ మొదలైంది, ఇక్కడ కెమెరా రా (RAW) ఫైలు మొదలైంది అని గుర్తుపట్టి తీస్తుంది. పాత ఫైలు పేర్లు రావు, అంకెల పేర్లతో వస్తాయి. కంగారు పడకు, ఫొటో లోపల తీసిన తేదీ, టైము ఉంటాయి కాబట్టి వాటిని బట్టి వరస పెట్టుకుంటే తలంబ్రాల ముందేదో తరవాతేదో తెలిసిపోతుంది. తీసినవాటిని అదే కార్డులో సేవ్ చేయకు, కంప్యూటర్లోకే. ఆ కంప్యూటర్ ఎందుకు హ్యాంగ్ అయిందో తేలకుండా దాన్ని మాత్రం నమ్మకు, వేరేది వాడు. వీడియో ఉంటే పెద్దగా ఆశ పెట్టుకోవద్దు, పొడుగు ఫైళ్లు కార్డులో ముక్కలు ముక్కలుగా పడి ఉంటే ఫొటోరెక్ వాటిని సరిగ్గా అతకలేదు.

ఇదే పని కంప్యూటర్ డిస్కు మీద చేయాల్సి వస్తే ఒక తేడా గుర్తుంచుకో. పాత హార్డ్ డిస్కులో డిలీట్ చేసిన ఫైలు చాలాకాలం ఉండొచ్చు. తిరిగే పళ్లేలు లేని ఎస్‌ఎస్‌డీ అయితే ట్రిమ్ అనే ఏర్పాటు ఉంటుంది, డిలీట్ చేసిన చోటు ఇక అక్కర్లేదని విండోస్ చెప్పేస్తుంది, డిస్కు దాన్ని తన వీలు చూసుకుని ఖాళీ చేసేసుకుంటుంది. స్పీడు బాగుందని ఎస్‌ఎస్‌డీ వేయించుకున్న స్టూడియోల వాళ్లకి ఈ సంగతి పోయాక తెలుస్తోంది.

పెళ్లి అనేది మళ్లీ తీయించుకునేది కాదు కదా, కాబట్టి పీటర్ క్రో అనే అమెరికా ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 లెక్క పాటించు: మూడు కాపీలు, రెండు రకాల వాటి మీద, ఒకటి వేరే చోట. నీ కెమెరాలో కార్డులు పెట్టే గాడులు రెండుంటే రెండింటిలోనూ పడేటట్టు పెట్టుకో. ఆల్బం ఇచ్చేదాకా కార్డు ఫార్మాట్ చేయకు, కార్డులు ఇప్పుడు అంత ఖరీదేమీ కాదు. పెళ్లివారికి నిజం చెప్పు, కాకపోతే ఫొటోరెక్ నడిపాక చెప్పు, ఎన్ని వచ్చాయో చేతిలో ఉంటుంది.

ప్రశ్న: అమలాపురంలో డీటీపీ షాపు. పొద్దున్నే తెరిస్తే ఫైళ్ల పేర్ల చివర ఏవో అక్షరాలు వచ్చి చేరాయి, ఏదీ తెరుచుకోవడం లేదు. డాలర్లు కడితే తెరుస్తామని ఒక నోటు. ముందు రోజు రాత్రి ఒక క్రాక్ సాఫ్ట్‌వేర్ వేశాం. పదేళ్ల పేజ్‌మేకర్ ఫైళ్లు, శుభలేఖలు, కరపత్రాలు.

జవాబు: నెట్ వైరు తీసేయండి, షాపులో మిగతా కంప్యూటర్లకి ఉన్న షేరింగ్ కూడా. పెన్‌డ్రైవు దానికి పెట్టకండి. ఇక్కడా ఫార్మాట్ కొట్టకండి, ఎందుకంటే ఇప్పుడు తెరవలేని ఫైలుకి రేపు తాళం దొరకొచ్చు, అందుకే ఆ డిస్కుని తీసి అలాగే దాచి, కొత్త డిస్కు మీద పని మొదలెట్టండి.

నో మోర్ రాన్సమ్ అని ఒక సైటు ఉంది, 2016లో యూరోపోల్, డచ్చి పోలీసులు, కొన్ని యాంటీవైరస్ కంపెనీలు కలిసి పెట్టింది. పాడైన ఫైలు, ఆ నోటు అక్కడ ఇస్తే ఏ రకం వైరసో, దానికి ఉచితంగా తాళం ఉందో లేదో చెబుతుంది. క్రాక్ సాఫ్ట్‌వేర్‌తో ఎక్కువగా వచ్చేది స్టాప్ లేదా జావూ అనే రకం. దానికి ఎమ్సీసాఫ్ట్ వాళ్ల ఉచిత టూలు ఉంది కానీ అందరికీ పని చేయదు, వైరస్ వచ్చినప్పుడు నెట్ అందక అది తనలో ఉన్న తాళమే వాడుకుని ఉంటే అవకాశం ఉంటుంది. ఈ రకం ఒక్కో ఫైల్లో మొదటి 150 కిలోబైట్లే పాడు చేస్తుంది, కాబట్టి పెద్ద వీడియోలు, పెద్ద జిప్ ఫైళ్లలో కొంత భాగమైనా బయటికి లాగొచ్చు. మీ శుభలేఖల ఫైళ్లు చిన్నవైతే ఆ దారి లేదు.

డబ్బు కట్టొద్దనే చెబుతాను, కట్టాక తాళం ఇస్తారన్న పూచీ లేదు. సైబర్ నేరాల 1930 నంబరుకి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి. ఆ తరవాత కూర్చుని వెతకాల్సింది మీ ఫైళ్లు బయట ఎక్కడెక్కడ ఉన్నాయన్నది: ప్రెస్సుకి పంపిన పీడీఎఫ్‌లు, ప్రూఫు కోసం పార్టీలకి వాట్సాప్‌లో పెట్టినవి, జీమెయిల్‌లో పంపిన మెయిళ్లు, సొరుగులో మూలుగుతున్న పాత సీడీలు. చాలా డీటీపీ షాపులకి సగం సరుకు ఇలాగే తిరిగొస్తుంది. పేజ్‌మేకర్ ఫైలు దొరికినా అను అనే తెలుగు ఫాంట్లు లేకపోతే తెర మీద పిచ్చి గీతలే కదా, ఫాంట్ల సీడీ, లైసెన్సు కూడా వెతికి పెట్టుకోండి. క్రాక్‌ల సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు, మీకు బిల్లు వచ్చేసింది.

ప్రశ్న: మాది లంక గ్రామం. గోదారి ఇంట్లోకి వచ్చి కంప్యూటర్ డబ్బా మునిగిపోయింది. నీళ్లు తీశాక డాబా మీద ఎండలో పెట్టాం. ఇప్పుడు ఆన్ చేసి చూడొచ్చా అండి? పిల్లల చిన్నప్పటి ఫొటోలున్నాయి.

జవాబు: వద్దమ్మా, ఒక్కసారి కూడా వద్దు. హార్డ్ డిస్కుకి గాలి పీల్చుకునే సన్నని కన్నం ఉంటుంది, వరద నీళ్లతో పాటు ఒండ్రు అందులోంచి లోపలికి పోయి ఉండొచ్చు. ఆన్ చేస్తే ఆ మట్టి మీద హెడ్డు గీసుకుంటుంది. బియ్యం డబ్బాలో పెట్టడం, హెయిర్ డ్రయ్యర్ పట్టడం, ఊపి నీళ్లు కారతాయేమో చూడటం, ఇవేవీ చేయకండి. తడిసిన డిస్కు పూర్తిగా ఆరితే మట్టి పళ్లేనికి అంటుకుపోతుందని ల్యాబుల వాళ్లు తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి పంపమంటారు. మీది ఇప్పటికే ఆరింది కాబట్టి అలాగే కదపకుండా, పొడి సంచిలో పెట్టి ల్యాబుకి పంపించండి, ఎండబెట్టిన సంగతి వాళ్లకి చెప్పండి. మీ డబ్బాలో ఉన్నది ఎస్‌ఎస్‌డీ అయితే తిరిగే భాగాలే లేవు, తెలిసిన టెక్నీషియన్ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెడితే వచ్చే అవకాశం చాలా ఉంది.

లంకల్లో ఉండే వాళ్లందరికీ ఒక మాట. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి వరద హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి ఇస్తారు. 2022 జులైలో మూడో హెచ్చరిక దాటి 25 లక్షల క్యూసెక్కులకి పైగా వదిలారు. బియ్యం బస్తాలు అటక మీదికి ఎక్కించే రోజే, అంటే రెండో హెచ్చరికకే, డబ్బాలోంచి డిస్కు తీసి సంచిలో వేసుకోండి. నాలుగు స్క్రూలు, రెండు కేబుళ్లు. పట్టాదారు పాసు పుస్తకం పెట్టిన కవరులోనే ఇదీ పడుతుంది.

ప్రశ్న: రిపేరు షాపులో మదర్‌బోర్డు మార్చారు. ఇప్పుడు నీలం తెర మీద 48 అంకెల కీ అడుగుతోంది. ఇంజినీరింగ్ విద్యార్థిని, తణుకు.

జవాబు: అది బిట్‌లాకర్, డిస్కుకి విండోస్ వేసే తాళం. దాని కీ పాత బోర్డులో ఉండిపోయింది కాబట్టి కొత్త బోర్డు చూసి డిస్కు అనుమానపడుతోంది. మొదటిసారి కంప్యూటర్ పెట్టుకున్నప్పుడు ఇచ్చిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి ఫోన్లో వెళ్లి రికవరీ కీలు చూడమ్మా, తెర మీద చూపించే కీ ఐడీతో కలిసేదే నీది. ఆ అకౌంట్ అన్నయ్యదో నాన్నగారిదో కావచ్చు, వాళ్లనీ అడుగు. కీ ఎక్కడా లేకపోతే ఆ ఫైళ్లు ఎవరూ తీయలేరు, తీస్తామని డబ్బు అడిగే వాళ్ల మాట వినకు. పాత బోర్డు షాపులోనే ఉంటే, అది పూర్తిగా చావకపోయి ఉంటే, వెంటనే వెనక్కి తెచ్చుకో, దాని మీద కాసేపు లేచినా చాలు.

ప్రశ్న: ఆన్ చేసినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్ల వెనక్కి పోతోంది, బ్రౌజర్ ఏ సైటూ సురక్షితం కాదంటోంది. ఇంకోటి, డబ్బా ముట్టుకుంటే సన్నగా జిల్లుమంటోంది. రావులపాలెం.

జవాబు: మొదటిది మదర్‌బోర్డు మీది సీఆర్2032 నాణెం బ్యాటరీ, 3 ఓల్టులది, వాచీల షాపులో దొరుకుతుంది. తేదీ తప్పయితే సైట్ల సర్టిఫికెట్లు కాలం చెల్లినట్టో ఇంకా మొదలు కానట్టో కనిపిస్తాయి, అందుకే బ్రౌజర్ గొడవ. బ్యాటరీ మార్చి, తేదీ సరిచేస్తే పోతుంది.

రెండోది మీ ఇంటి ఎర్తింగ్. ప్లగ్గులో మూడో పిన్ను ఊరికే ఉండి, దాని వైరు భూమి దాకా వెళ్లకపోతే ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టర్ నుంచి సన్నని లీకు కరెంటు డబ్బా మీదికి వస్తుంది. రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ వాడుతుంటే ముందు అది తీసి పారేయండి. ఎలక్ట్రీషియన్ని పిలిపించి ఎర్తు పైపు చూపించండి, ఏళ్ల తరబడి పట్టించుకోని పైపు మొదట్లో తుప్పు పట్టి వైరు ఊడిపోయి ఉంటుంది. ఎర్తు సరిచేశాక కూడా జిల్లుమంటుంటే ఎస్‌ఎంపీఎస్ మార్పించండి.